బందరు కోట కథ కూడా చెప్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో బందరు పోర్టు పనుల వార్త వచ్చినప్పుడల్లా చదువుతుంటా, సంతోషమే, కానీ అదే ఊళ్ళో ఉన్న బందరు కోట ఊసు మాత్రం పెద్దగా కనపడట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

పోయినేడు మా అమ్మాయి దగ్గరకి అమెరికా వెళ్ళినప్పుడు అల్లుడు గారు ప్యూర్టోరికో తీసుకెళ్ళారు, కరీబియన్ దీవే గానీ అమెరికా కిందే కాబట్టి ఇంకో వీసా గొడవ లేదు. అక్కడ శాన్ హువాన్‌లో ఎల్ మోరో అని కోట ఉంది, స్పెయిన్ వాళ్ళు 1539లో మొదలుపెట్టారు, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ మీద ఆరు అంతస్తులు, పైన నిలబడితే నీళ్ళు 140 అడుగుల కింద. గాలి ఎంతుందంటే మా ఆవిడకి కొంగు పట్టుకోవడానికే సరిపోయింది, ఒక్క ఫొటో సరిగ్గా రాలేదు. గోడ మూలల్లో గుండ్రటి కాపలా గూళ్ళు కట్టారు, లోపల ఒక మనిషి నిలబడే చోటు, నిలువుగా సన్నటి సందులు, అందులోంచి చూస్తే వచ్చే ఓడ ఏదీ తప్పించుకోలేదు. 1595లో ఇంగ్లీషు వాడు డ్రేక్ దండెత్తి వస్తే ఇక్కడి నుంచి పేల్చిన గుండు తిన్నగా అతని కేబిన్లోకే దూరిందంట.

నాకు బాగా పట్టింది ఆ తర్వాత కథ. 1598లో కంబర్లాండ్ అని ఇంకో ఇంగ్లీషు దొర వచ్చాడు, సముద్రం వైపు పోతే డ్రేక్ గతే పడుతుందని ఊరికి తూర్పున దిగి నేల మీదుగా వచ్చి కోట పట్టేశాడు. పట్టాడు గానీ ఉంచుకోలేకపోయాడు, సైనికులు విరేచనాలతో రాలిపోతుంటే కొన్ని వారాలకే మూటాముల్లె సర్దుకున్నాడు. 1625లో డచ్చి వాళ్ళు ఊరు తగలబెట్టారు గానీ కోట దొరకలేదు. తర్వాత నేల వైపు కాపలాకని శాన్ క్రిస్టోబల్ అని ఇంకో పెద్ద కోట కట్టారు. ఎల్ మోరో ముందు పేద్ద పచ్చిక మైదానం, పిల్లలంతా గాలిపటాలు ఎగరేస్తుంటారు, ఇంత చోటు ఖాళీగా ఎందుకు వదిలారా అనుకుంటే, నేల మీదుగా వచ్చేవాడికి దాక్కోడానికి చాటు ఉండకూడదనంట! ఇవన్నీ అక్కడి బోర్డులు చూసి, యూనిఫాంలో ఉన్న పార్కు స్టాఫ్‌ని అడిగి తెలుసుకున్నవే. రెండు కోటలకీ కలిపి ఒకటే టికెట్, 10 డాలర్లు, పిల్లలకి ఫ్రీ. మన డబ్బుల్లో ఎక్కువే లెండి, అయినా ఇచ్చిన డబ్బుకి బుర్రలోకి ఏదో ఎక్కింది.

మరి మన బందరు కోటకేం తక్కువండి? 1759 ఏప్రిల్లో అది ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది, ముట్టడికొచ్చిన ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ దగ్గర ఉన్న మంది కంటే కోటలో ఉన్నవాళ్ళే ఎక్కువ. చుట్టూ బురద నేల. ఫోర్డ్ ఏం చేశాడంటే రాత్రిపూట కొంతమందిని ఆ బురదలోంచే పంపి అటు కాల్పులు జరిపించాడు, లోపలివాళ్ళు అటు చూస్తుంటే అసలు దళం ఇంకో వైపు నుంచి ఎక్కేసింది. ఆ దెబ్బకి ఉత్తర సర్కార్లలో, అంటే దాదాపు మన కోస్తా జిల్లాల్లో, ఫ్రెంచి వాళ్ళ పెత్తనం పోయింది. ఆ తర్వాత 1864 నవంబర్ 1 ఉప్పెన, దాదాపు 30 వేల మంది పోయారు, కోటలోకీ సముద్రం వచ్చేసింది. మొన్న మనవళ్ళని తీసుకెళ్తే అక్కడ ఇదంతా చెప్పే మనిషి కనపడలేదు, నాకు తెలిసిందేదో నేనే చెప్పా, చిన్నోడు ఫిరంగులేవి తాతా అని ఒకటే గోల, నీడకి నిలబడదామన్నా ఇబ్బందే.

ప్యూర్టోరికోతో మనకి పోలికేంటి, అది 1983 నుంచి యునెస్కో లిస్టులో ఉన్న కోట, వాళ్ళకి టూరిస్టుల డబ్బు ఉందని కొందరంటారు. నిజమే, కాదనను. కానీ నేనడిగేది ఆరంతస్తులు కట్టమని కాదు కదా. తెలుగులో నాలుగు పెద్ద బోర్డులు, ఫోర్డ్ ఎటు నుంచి వచ్చాడో చూపించే మ్యాపు ఒకటి, మంచినీళ్ళు, ఆడవాళ్ళకి బాత్రూం, ఆదివారాలు కథ చెప్పడానికి డిగ్రీ కాలేజీలో హిస్టరీ చదివే పిల్లలకి కాస్త ట్రైనింగ్ ఇస్తే చాలు. టికెట్ పెట్టినా ఇస్తాం. విజయవాడ నుంచి 70 కిలోమీటర్లే, మంగినపూడి బీచికి వెళ్ళే బళ్ళన్నీ ఎలాగూ ఆ ఊరి మీదుగానే పోతాయి. మీరు ఒక రిపోర్టర్ని పంపించి కోట ఇప్పుడు ఎలా ఉందో ఫొటోలతో వేయండి, సంబంధిత అధికారులు ఏమంటారో కూడా అడిగి రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పటమట, విజయవాడ