బిళ్ల మీద ‘షుగర్’ అని రాస్తే చాలదు

సంపాదకులు గారికి,

ఇన్సులిన్ వాడే మనిషికి రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. 54 కన్నా దిగితే మాట ముద్దగా వస్తుంది, అడుగు తూలుతుంది. అమీర్‌పేట మెట్రో మెట్ల మీద అలా కూలబడిన మనిషిని చూసినవాళ్లు తాగి పడ్డాడనే అనుకుంటారు. మణికట్టుకో మెడకో జబ్బు సంగతి చెక్కిన గుర్తింపు బిళ్ల ఉండాల్సింది అందుకే. ఇన్సులిన్ వాడేవాళ్లకే కాదు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లకూ ఇది అవసరం. ఆ మాత్రల వల్లా చక్కెర పడిపోతుంది.

బిళ్ల కొనేటప్పుడు అందరూ లోహం, డిజైను చూస్తారు. అంతకన్నా ముఖ్యం దాని మీది రాత. మన వాడుకలో ‘షుగర్’ అంటే జబ్బు పేరు. ఆ ఒక్క మాటే కనబడితే చుట్టూ చేరినవాళ్లు ‘షుగరున్నోళ్లకు తీపి పెట్టొద్దు’ అంటారు, అదీ తీపి పడాల్సిన నిమిషంలోనే! కాబట్టి ముందువైపు తెలుగులో మూడు వరుసలు చెక్కించండి: ‘ఇన్సులిన్ వాడతారు. తూలితే తీపి ఇవ్వండి. స్పృహ లేకుంటే 108.’ వెనకవైపు డాక్టర్ల కోసం ఇంగ్లీషులో పేరు, జబ్బు రకం, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు రెండు. సొంత నంబరు వేయించుకుంటే మోగేది పడిపోయిన మనిషి జేబులోనే. మందు మోతాదులు మారుతుంటాయి, అవి పర్సులోని కాగితం మీద చాలు. క్యూఆర్ కోడ్ ఉంటే ఉండనివ్వండి గానీ, నెట్ లేనిచోట అది పనికిరాదు. అక్షరాలే ముందు.

బిళ్ల కనీసం 4 సెంటీమీటర్ల పొడవు, 1.5 వెడల్పు ఉండాలి. తెలుగు అక్షరం 3 మిల్లీమీటర్ల కన్నా చిన్నదైతే ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చదవడానికి రాదు. పైపైన రంగుతో అచ్చువేసిన రాత చెమటకు, సబ్బుకు చెరిగిపోతుంది, లోతుగా చెక్కించాలి. బేగంబజార్‌లో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్లుంటారు, వాళ్లకు ఇదేమంత కష్టం కాదు. లోహం 316ఎల్ అనే, చెమటకు తుప్పు పట్టని రకం స్టీలైతే మంచిది. నికెల్ పడక దద్దుర్లు వచ్చేవాళ్లకు టైటానియం. బంగారం వద్దు, గొలుసు దొంగలకు ఎర అవుతుంది. తోలు పట్టీ మన ఎండలకు, చెమటకు ఏడాదైనా నిలవదు.

గాజులు నిండుగా వేసుకునేవారి చేతికి ఇంకో పట్టీ వేస్తే అది గాజుల్లో కలిసిపోతుంది, మెడలో విడిగా వేసుకోవడమే మేలు. చేతికైతే మణికట్టు చుట్టుకొలతకు ఒక సెంటీమీటరు కలిపి కొలత ఇవ్వండి. వదులైతే రాత లోపలికి తిరిగిపోతుంది. పిల్లలకు ఆరు నెలలకోసారి కొలత మార్చాలి. ఎమ్మారై తీసే ముందు విప్పాలి, విప్పినప్పుడు తాను ఇన్సులిన్ వాడతానని అక్కడి టెక్నీషియన్‌కు నోటితో చెప్పాలి.

చూసినవాళ్లు చేయాల్సింది కొంతే. స్పృహ ఉండి మింగగలిగితే మూడు టీస్పూన్ల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటకు తేరుకోకపోతే మళ్లీ అంతే తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు ఒరిగించి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఇక అధికారులను అడిగేది రెండు విషయాలు. డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు చేసే ట్రాఫిక్ పోలీసులకు, ఆర్టీసీ, మెట్రో సిబ్బందికి ఇచ్చే శిక్షణలో, మాట తడబడే మనిషి కనిపిస్తే ముందు మణికట్టు, మెడ చూడాలన్న మాట చేర్చండి. బస్తీ దవాఖానాల్లో షుగర్ మందులిచ్చే చోట పై మూడు వరుసలు పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన చీటీ కూడా ఇవ్వండి. దాన్నే పట్టుకెళ్లి బిళ్ల మీద చెక్కించుకుంటారు.

ఒక పాఠకుడు,
హైదరాబాద్