జపనీస్ ఉద్యోగాలు: సర్టిఫికెట్టుకూ పనికీ మధ్య ఉన్న దూరం

సంపాదకుల వారికి నమస్కారం.

జపాన్‌లో ఉద్యోగావకాశాల గురించి మీ పత్రికలో ఈమధ్య తరచుగా వార్తలు వస్తున్నాయి. రానున్న ఐదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మందికి పైగా రాకపోకలు సాగాలని, అందులో 50 వేల మంది భారత్ నుంచి జపాన్ వెళ్లే నిపుణులు, ఔత్సాహికులు కావాలని 2025 ఆగస్టులో టోక్యోలో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి. అప్పటి నుంచి అమీర్‌పేట మొదలుకొని చిన్న పట్టణాల దాకా జపనీస్ నేర్పుతామనే బోర్డులు బాగా పెరిగాయి. ఇది సంతోషించవలసిన పరిణామమే. హైదరాబాద్‌లో జపాన్ ఖాతాదారుల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు అనువాదకురాలిగా, ఇంటర్‌ప్రెటర్‌గా చాలా కాలంగా పనిచేస్తున్నదాన్ని కనుక, ఈ వార్తల్లోనూ బోర్డుల మీదా కనిపించని ఒక విషయాన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

'జపనీస్ వస్తే ఉద్యోగం' అనే మాట చాటున, ఒకదానికొకటి పొంతన లేని రెండు రకాల ఉద్యోగాలను కలిపి చెబుతున్నారు. మొదటి రకం, జపాన్ 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన 'నిర్దిష్ట నైపుణ్య' వీసా మీద వెళ్లేవి: వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, ఆహార తయారీ, నిర్మాణం వంటి పనులు. వీటిలో చాలావాటికి వృత్తి పరీక్షతో పాటు ఎన్4 స్థాయి భాష (జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలోని ఐదు స్థాయుల్లో కింది నుంచి రెండోది; ఎన్1 అన్నిటికంటే పైది) ఉంటే మొదట్లో సరిపోతుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివినవారికి శిక్షణ ఇచ్చి ఈ దారిలోనే పంపిస్తోంది. రెండో రకం, ప్రకటనలో 'నేటివ్ లెవెల్ జపనీస్ తప్పనిసరి' అని రాసి ఉండేవి: బ్రిడ్జ్ ఇంజనీరు (జపాన్ ఖాతాదారుకూ ఇక్కడి బృందానికీ మధ్య వారధిగా ఉండే ఇంజనీరు), ఇంటర్‌ప్రెటర్, పేటెంట్ అనువాదం, ఖాతాదారుల సేవ, అమ్మకాలు. శ్రీసిటీలోని ఇసుజు, డైకిన్ వంటి జపాన్ కంపెనీల ప్లాంట్ల పేర్లు చూపించి మొదటి రకం కోర్సులో చేర్చుకుని, రెండో రకం జీతాల ఆశ పెట్టడం ఇప్పుడు చాలా చోట్ల జరుగుతోంది. నర్సుల సంగతే తీసుకుంటే, మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసిన అమ్మాయి అక్కడికి వెళ్లేది కేర్‌గివర్‌గానే కానీ నర్సుగా కాదు. నర్సు కావాలంటే ఎన్1 ఉత్తీర్ణత చూపించి, అర్హత గుర్తింపు పొంది, ఆ పైన జపనీస్‌లోనే జరిగే జాతీయ పరీక్ష రాయాలి. ఈ ముక్క చేరే ముందే చెప్పే కేంద్రాలు తక్కువ.

ఎన్1 అంటే ఏమిటో కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. 1984 నుంచి జరుగుతూ, 2010లో ఇప్పటి ఐదు స్థాయుల రూపం తీసుకున్న జేఎల్‌పీటీ పరీక్షలో అదే అత్యున్నత స్థాయి. అందులో పదజాలం, వ్యాకరణం, చదివి అర్థం చేసుకోవడం, విని అర్థం చేసుకోవడం మాత్రమే ఉంటాయి. మాట్లాడే పరీక్షా లేదు, రాసే పరీక్షా లేదు. ఇచ్చిన జవాబుల్లో సరైనదానికి గడి నింపడమే పని. 180 మార్కులకు 100 వస్తే, ఏ విభాగంలోనూ 19కి తగ్గకపోతే ఉత్తీర్ణులైనట్టే. 2025 డిసెంబరు పరీక్ష నుంచి ఫలితాల పత్రం మీద యూరప్ భాషా ప్రమాణాల స్థాయిని కూడా చూపించే ఏర్పాటు చేశారు. దాని ప్రకారం ఎన్1లో 142, అంతకు మించి వస్తేనే సీ1, అంటే ఆ ప్రమాణాల్లో పై నుంచి రెండో స్థాయి. 100 నుంచి 141 దాకా దాని కింది మెట్టు బీ2 మాత్రమే. అదైనా చదవడం, వినడం వరకే. అంటే పరీక్ష పెట్టేవారే తమ అత్యున్నత సర్టిఫికెట్టును మాతృభాషా స్థాయి అనడం లేదు. అనేది ఉద్యోగ ప్రకటనలు రాసేవారూ, కోర్సులు అమ్మేవారూ. ఇలా అన్నంత మాత్రాన ఎన్1 వృథా అని కాదు. జపాన్ ఇమ్మిగ్రేషన్‌లో ఉన్నత నైపుణ్య వీసాకు కావలసిన 70 పాయింట్లలో ఎన్1కు 15, ఎన్2కు 10 పాయింట్లు ఇస్తారు. కాగితం విలువ కాగితానికి ఉంది. అయితే ఉద్యోగంలో చేరిన మర్నాడు ఎదురయ్యే పని వేరు.

ఫోన్ ఎత్తడంతోనే మొదలుపెడతాను. జపాన్ ఆఫీసుల్లో బయటి నుంచి వచ్చే ఫోన్లు ఎత్తే పని సాధారణంగా కొత్తగా చేరినవారి మీద పడుతుంది. అవతలివారు తమ కంపెనీ పేరు, ఇంటి పేరు ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. ఆ పేర్లు పట్టుకోవాలి, చీటీ మీద రాసుకోవాలి, అదే సమయంలో కెయిగో అనే మర్యాద భాషలో జవాబివ్వాలి. మనం 'మా డైరెక్టర్ గారు మీటింగ్‌లో ఉన్నారండి' అంటే అది మర్యాద. అక్కడ బయటివారితో మాట్లాడేటప్పుడు సొంత డైరెక్టరైనా మనవైపు మనిషే కాబట్టి, ఆయన పేరు వెనక గౌరవ వాచకం తీసేసి, క్రియను తగ్గించి చెప్పాలి; అవతలి కంపెనీలో నిన్న చేరిన కుర్రాడికైతే హెచ్చించి చెప్పాలి. ఫోన్ పెట్టేసి అదే డైరెక్టర్ వైపు తిరగగానే లెక్క తారుమారవుతుంది. ఈ సూత్రం పుస్తకంలో చదివితే పావుగంటలో అర్థమవుతుంది. ఖాతాదారు కోపంగా ఉన్నప్పుడు నోటికి తడుముకోకుండా రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

అంతకంటే కష్టమైనది తప్పు జరిగినప్పుడు రాసే నివేదిక. సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం ఖాతాదారుకు చేరిందనుకోండి. దాన్ని సరిదిద్ది 'అయిపోయింది' అని ఒక మెయిల్ పెడితే అక్కడ పని ముగియదు. ఏ గంటకు ఏమి జరిగింది, ఎంతవరకు ప్రభావం పడింది, లోపం ఎందుకు వచ్చింది, వచ్చిన లోపం పరీక్షల్లో ఎందుకు దొరకలేదు అనేవి విడివిడిగా రాయాలి. దీన్నే 'నజెనజె' (ఎందుకు, ఎందుకు) విశ్లేషణ అంటారు. ఒక ఎందుకుకు జవాబు చెప్పగానే దాని కింద ఇంకో ఎందుకు వచ్చి కూర్చుంటుంది. ఆ తరువాత 'యోకోతెన్‌కాయ్', అంటే ఇలాంటి లోపమే మిగతా చోట్ల కూడా ఉందేమో వెతికి చూపించడం. 'ఇకమీదట జాగ్రత్తగా ఉంటాం' అని రాస్తే నివేదిక వెనక్కి వస్తుంది, ఎందుకంటే జాగ్రత్త అనేది వారి లెక్కలో నివారణ చర్య కాదు. క్షమాపణ ఎంతవరకు చెప్పాలి, ఏ వాక్యంతో బాధ్యత మన మీదికి వస్తుంది, ఏ వాక్యంతో సాకు చెబుతున్నట్టు వినిపిస్తుంది అన్నది తెలిసినవారినే కంపెనీలు నిజానికి వెతుకుతున్నాయి. ప్రకటనలో మాత్రం దానికి 'నేటివ్ లెవెల్' అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటున్నాయి.

ఈ పని యంత్రం చేసేస్తుంది కదా అని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. స్పెసిఫికేషన్ పత్రాల మొదటి ముసాయిదా అనువాదం యంత్రం చేస్తోంది, మేమూ వాడుతున్నాం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, జపనీస్ వాక్యంలో కర్తను తరచుగా వదిలేస్తారు. తెలుగులోనూ వదిలేస్తాం కానీ 'చేస్తాను', 'చేస్తారు' అని క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది. జపనీస్ క్రియకు ఆ సౌకర్యం లేదు. 'వచ్చే వారంలోగా డేటాను సిద్ధం చేయడం జరుగుతుంది' అన్నట్టున్న వాక్యంలో సిద్ధం చేయవలసింది ఖాతాదారా, మనమా అన్నది సందర్భం చూసి తేల్చాలి. యంత్రం ఏదో ఒకటి ధీమాగా రాసేస్తుంది. వారం గడిచాక ఇరుపక్షాలూ అవతలివారి కోసం ఎదురుచూస్తూ కూర్చున్న సందర్భాలు నాకు తెలుసు. కాబట్టి యంత్రం వచ్చాక మామూలు అనువాదకుల పని తగ్గిన మాట నిజమే అయినా, మిగిలిన పనికి కావలసిన భాష పెరిగిందే కానీ తగ్గలేదు.

తెలుగువారికి ఇందులో కొంత వాటం ఉంది. క్రియ వాక్యం చివర రావడం, విభక్తులు నామవాచకం వెనక చేరడం, హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థం మారడం, ద్విత్వాన్ని ఒత్తి పలకడం మనకు కొత్త కాదు. అందుకే ఇంగ్లిష్ మాతృభాష అయినవారి కోసం అమెరికా విదేశాంగ శాఖ వేసిన 2200 తరగతి గంటల లెక్క మనకు యథాతథంగా వర్తించకపోవచ్చు. కానీ కంజీ, అంటే చైనా మూలపు అక్షరాల దగ్గర ఈ వాటం ఆగిపోతుంది. నిత్య వాడుకకు జపాన్ ప్రభుత్వం నిర్ణయించినవే 2136 అక్షరాలు. చైనా నుంచి వచ్చేవారికి వాటిలో చాలా భాగం బడిలోనే వచ్చి ఉంటాయి, మనవారు సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఆరు నెలల్లో ఎన్2, ఏడాదిలో ఎన్1 అని రాసిన కరపత్రాన్ని ఈ ఒక్క కారణంతోనే పక్కన పెట్టవచ్చు.

కంపెనీల వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. నిజంగా అవసరం లేని చోట కూడా, నియామక సంస్థలు దరఖాస్తుల సంఖ్య తగ్గించుకోవడానికి 'నేటివ్' అన్న పదం వాడుతున్నాయి. రోజంతా కోడ్ రాసి, వారానికోసారి సమావేశంలో కూర్చునే ఇంజనీరుకు అది ఎందుకు? రకుటెన్ వంటి పెద్ద జపాన్ సంస్థ 2012 నుంచి కంపెనీ లోపలి వ్యవహారాలను ఇంగ్లిష్‌లోకే మార్చుకుంది కదా. ఇక భాష బాగా వచ్చిన ఇంజనీరుకు ఇంకో బెడద ఉంది. అతన్ని బ్రిడ్జ్‌గా కూర్చోబెడతారు, భాషా భత్యం ఇస్తారు, అన్ని సమావేశాలకూ పిలుస్తారు. కొన్నేళ్లకు తోటివారు ఆర్కిటెక్టులైతే అతను వారి మాటలను అటూ ఇటూ చేరవేస్తూ అక్కడే ఉంటాడు. కోడింగ్ చేయి దాటిపోయాక ఉద్యోగం మారడమూ కష్టమే. భాష నేర్చుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు దీన్ని ముందే ఆలోచించుకోవాలి.

నేను కోరేది పెద్దది కాదు. ప్రకటన ఇచ్చే కంపెనీలు 'నేటివ్ లెవెల్' అని రాసే బదులు ఖాతాదారుల ఫోన్లు ఎత్తాలా, నివేదికలు రాయాలా, పత్రాలు చదివితే చాలా అన్నది రాయాలి. టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థలు ఎన్4తో పంపినవారిని అక్కడికి చేరాక వదిలేయకుండా ఎన్2 దాకా చదివించే ఏర్పాటు చేయాలి. ఉద్యోగం చేస్తూ సొంతంగా అంత దూరం వెళ్లగలిగేవారు కొద్దిమందే. మీ పత్రిక ఇకమీదట ఈ ఉద్యోగాల గురించి రాసేటప్పుడు జీతంతో పాటు ఏ స్థాయి భాషకు ఏ పని దొరుకుతుందో కూడా ఒక వరుస చేర్చగలిగితే మేలు. డబ్బు కట్టే తల్లిదండ్రులకు నా సలహా ఒక్కటే: రసీదు తీసుకునే ముందు, ఆ కేంద్రంలో మాట్లాడటం, రాయడం నేర్పే గంటలు వారానికి ఎన్నో, నేర్పేవారు జపనీస్‌లో ఎక్కడైనా ఉద్యోగం చేశారో లేదో అడగండి. కుదిరితే పాత విద్యార్థి ఒకరితో మాట్లాడించమనండి.

ఇట్లు,
ఒక జపనీస్ అనువాదకురాలు,
హైదరాబాద్.