కండువా ఏదో ముందే చెప్పండి, మేయర్ గారూ

డాలస్ నగర మేయర్ ఎరిక్ జాన్సన్ గారికి,

నమస్కారమండీ. మీకు తెలుగు రాదని తెలుసు, అయినా ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను, ఎందుకంటే మీరు 2023లో మేయర్‌గా గెలిచాక పార్టీ మారిన పనికి మా భాషలో ఎప్పటినుంచో మాటలున్నాయి, ఇంగ్లీషులో వెతుక్కోవాల్సి వచ్చింది. పైగా మీ ఊళ్ళోనూ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లోనూ తెలుగువాళ్ళు వీధికొకరు ఉన్నారు. మీరు చదవకపోయినా వాళ్ళు చదువుతారు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. 2023 మే 6న నేను ఓటు వెయ్యలేదు. మేయర్ పదవికి బ్యాలట్ మీద అచ్చయిన పేరు మీదొక్కటే. కావాలంటే ఇంకొకాయన పేరు మనమే రాసుకోవాలి. ఒక్క పేరున్న కాగితానికి శనివారం పొద్దున వెళ్ళి లైన్లో నిలబడటమెందుకని ఇంట్లో కూర్చుని ఇడ్లీ తిన్నాను. మా ఊళ్ళో అయితే దీన్ని ఏకగ్రీవం అని, బ్యాండు మేళం పెట్టి దండ వేసేవాళ్ళు. కాబట్టి మీకు ఓటేసి మోసపోయానని అనే హక్కు నాకు లేదు. ఆ మాట అనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు కూడా.

నాలుగున్నర నెలలు తిరిగేసరికి, సెప్టెంబర్ 22న, మీరు వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వ్యాసం రాసి రిపబ్లికన్ పార్టీలో చేరుతున్నానని ప్రకటించారు. అప్పటిదాకా మీరు డెమోక్రాట్, 2010 నుంచి 2019 వరకు టెక్సస్ శాసనసభలో ఆ పార్టీ సభ్యులు. ఒక్క వ్యాసంతో దేశంలోని పది పెద్ద నగరాల్లో రిపబ్లికన్ మేయర్ ఉన్న ఒకే ఒక్క ఊరు మనదైపోయింది. ఆ వారం ఆఫీసులో ఇదే చర్చ. అది పార్టీ రహిత పదవి కదా, ఏ పార్టీ అయితే ఏంటి అని సగం మంది, అదెలా కుదురుతుంది అని మిగతా సగం మంది.

నేను ఖమ్మం జిల్లాలో మా పెదనాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన అంతా విని, "ఇందులో వింతేముందిరా, గెలిచినాక కండువా కప్పుకున్నాడు, అంతేగా" అన్నాడు.

ఆ మాట వెనక ఉన్న కథ మీకు చెప్పాలి. మా దగ్గర గ్రామ పంచాయతీ ఎన్నికలు కూడా మీ మేయర్ ఎన్నికల్లాగే పార్టీ రహితం. సర్పంచ్ అభ్యర్థికి పార్టీ గుర్తు ఉండదు. పేర్లు తెలుగు అక్షరాల వరసలో పెట్టి ఉంగరం, కత్తెర లాంటి గుర్తులు ఇస్తారు, సర్పంచ్‌కి గులాబీ రంగు బ్యాలట్ కాగితం. 2019 జనవరిలో పండక్కి వెళ్ళి సెలవు పొడిగించుకుని మరీ ఆ ఎన్నిక చూశాను. పొద్దున ఏడింటి నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటికల్లా స్కూల్లోనే లెక్కింపు మొదలు. చీకటి పడేలోపు గెలిచినాయన జీపెక్కి మండల కేంద్రానికి వెళ్ళి, మెడలో ఒక పార్టీ కండువాతో దిగాడు. మర్నాడు పేపర్లో ఏ పార్టీ "మద్దతుదారులు" ఎన్ని పంచాయతీలు గెలిచారో పట్టిక. ఒక్కోసారి అన్ని పార్టీలు చెప్పుకునే లెక్కలు కూడితే ఉన్న ఊళ్ళకంటే ఎక్కువే తేలతాయి, అది వేరే సంగతి.

అయితే ఆ కండువా చూసి మా ఊళ్ళో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. కత్తెర గుర్తు ఎవరి మనిషిదో నామినేషన్ రోజే అందరికీ తెలుసు. వెనక తిరిగిన బళ్ళెవరివో, టీ డబ్బులు ఎవరిచ్చారో, ఏ వీధి ఎటు ఉందో అన్నీ తెలుసు. గుర్తు మీద పార్టీ లేదు కానీ మనిషి మీద ఉంది. రెండు వేల ఓట్ల ఊళ్ళో అది సరిపోతుంది. పదమూడు లక్షల జనాభా ఉన్న డాలస్‌లో మనిషిని చూసి పార్టీ పోల్చుకునే వీలెక్కడుంది? నాకు పక్కింటాయన పేరే సరిగ్గా తెలీదు.

ఇంకో సంగతి. భారత రాజ్యాంగంలో పదో షెడ్యూలు అని ఒకటుంది, 1985లో 52వ సవరణతో వచ్చింది, మేం ఫిరాయింపుల చట్టం అంటాం. పార్టీ టికెట్ మీద గెలిచి ఇంకో పార్టీలోకి దూకినవాళ్ళ కోసం పెట్టిందే, దాన్ని దాటేసే దారులు మావాళ్ళు బోలెడు కనిపెట్టారు, ఆ పురాణం ఇప్పుడొద్దు. అందులో జనం పెద్దగా పట్టించుకోని ఒక ముక్క ఉంది. ఏ పార్టీ తరఫునా కాకుండా స్వతంత్రంగా గెలిచిన ఎంపీ గానీ ఎమ్మెల్యే గానీ ఎన్నికయ్యాక ఏదైనా పార్టీలో చేరితే సభ్యత్వం పోతుంది. పాత పార్టీని వదిలినందుకు కాదు, ఆయనకి పాత పార్టీయే లేదు కదా. ఏ పార్టీ మనిషీ కాదని నమ్మి ఓటేసినవాళ్ళున్నారు కాబట్టి. సర్పంచ్‌లకి ఈ రూలు లేదు, టెక్సస్‌లో మేయర్లకీ లేదు. అలాంటి చట్టం తెమ్మని మిమ్మల్ని అడగటం లేదు లెండి. పార్టీ లేని ఎన్నికలో ఫిరాయింపు ఎలా ఉంటుందని వాదించేవాళ్ళకి, ఆ ప్రశ్న ఇంకెవరో ముందే ఆలోచించి రాసిపెట్టుకున్నారని చెప్పడానికే ఇదంతా.

మీ పక్షాన చెప్పాల్సిందీ ఉంది, చెప్పకపోతే అన్యాయం. మీ ధోరణి రాత్రికి రాత్రి మారలేదు. 2020లో పోలీసుల ఓవర్‌టైమ్ డబ్బులో కౌన్సిల్ కోత పెడితే ఎదురు తిరిగింది మీరే, కోయాలంటే సిటీ హాల్లో పెద్ద జీతాలు కోయండి అన్నారు. అప్పుడే కొందరు అనుకున్నారు, ఈయన మనసు ఎటో పోతోందని. పైగా డాలస్‌లో మేయర్ అంటే జనం అనుకునేంత అధికారమేం కాదు. పదిహేను మంది కౌన్సిల్లో మీదీ ఒక ఓటే, రోజువారీ పరిపాలన కౌన్సిల్ నియమించే సిటీ మేనేజర్ చేతిలో. రిపబ్లికన్ అయినంత మాత్రాన చెత్త బండి రావడం మానలేదు, మా వీధి గుంత పూడనూ లేదు. 

ఇక్కడి మేయర్లకి పార్టీలుండటం కొత్త కూడా కాదు. రాన్ కర్క్ 2001లో పదవి వదిలి డెమోక్రాట్‌గా సెనేట్‌కి పోటీకి దిగారు. టామ్ లెపర్ట్ 2011లో వదిలి సెనేట్ కోసమే రిపబ్లికన్ ప్రైమరీకి (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకి) వెళ్ళారు. ఇద్దరూ కుర్చీ దిగి కండువా కప్పుకున్నారు, మీరు కుర్చీలోనే ఉండి కప్పుకున్నారు. అంతకు ముందు కాలం చూస్తే ఇంకా తమాషా. సిటీ మేనేజర్ పద్ధతి వచ్చిన 1930ల నుంచి 1970ల దాకా ఇక్కడ పెద్ద వ్యాపారుల సంఘం ఒకటి, సిటిజన్స్ చార్టర్ అసోసియేషన్ అని, ఎవరు నిలబడాలో వాళ్ళే జాబితా వేస్తే చాలాసార్లు వాళ్ళే గెలిచేవాళ్ళు. పార్టీల్లేవు గానీ జాబితా ఉంది.

రాష్ట్రంలో మిగతా నగరాలు చూడండి. ఫోర్ట్ వర్త్‌లో 2021 రన్ఆఫ్‌లో (మొదటి రౌండులో ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే మిగిలిన ఇద్దరి మధ్య జరిగే రెండో రౌండు) ఒక పక్క మ్యాటీ పార్కర్, ఆమెకి రిపబ్లికన్ గవర్నర్ ఆబట్ మద్దతు. ఇంకో పక్క డెబొరా పీపుల్స్, ఆ కౌంటీ డెమోక్రటిక్ పార్టీకి అధ్యక్షురాలిగా చేసినావిడ. బ్యాలట్ మీద పార్టీ పేరు లేదు, కానీ ఎవరు ఎటో తెలీనివాళ్ళు లేరు. శాన్ ఆంటోనియోలో 2025లో మొదటి రౌండులో ఏకంగా 27 మంది. చివరికి మిగిలింది బైడెన్ హయాంలో వైమానిక దళ శాఖలో పెద్ద పదవి చేసిన జీనా ఓర్టిజ్ జోన్స్, ఆబట్ హయాంలో టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా చేసిన రొలాండో పాబ్లోస్. అది పార్టీ రహిత ఎన్నిక అంటే జూన్ ఎండలో లైన్లో నిలబడ్డవాళ్ళు నవ్వేవాళ్ళు. జోన్స్ గెలిచారు.

హ్యూస్టన్ కథ నాకు ఇంకా నచ్చుతుంది. 2023 డిసెంబర్ రన్ఆఫ్‌లో ఇద్దరూ డెమోక్రాట్లే, టెక్సస్ రాష్ట్ర సెనేటర్ జాన్ విట్‌మైర్, అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు షీలా జాక్సన్ లీ. జాక్సన్ లీకి హిల్లరీ క్లింటన్ మద్దతు. విట్‌మైర్ నేను అవతలి పార్టీ వాళ్ళతో కూడా పనిచేస్తాను అని చెప్పుకునే ప్రచారం చేశారు, రిపబ్లికన్ల డబ్బూ ఓట్లూ ఆయనకి పడ్డాయి, దాదాపు 64 శాతంతో గెలిచారు. మీ మనిషి వాళ్ళ డబ్బు తీసుకుంటున్నాడని అవతలివైపు నుంచి దెప్పులూ పడ్డాయి. పడనీయండి. ఆ దెప్పులు విన్నాక కూడా హ్యూస్టన్ జనం ఆయనకే వేశారు. పార్టీ రహిత ఎన్నికకి ఏదైనా ప్రయోజనం ఉందంటే నాకు కనపడేది ఇదే, ఒక పార్టీ మనిషిని ఇంకో పార్టీవాళ్ళు సిగ్గుపడకుండా బలపరచగలగడం. ప్రైమరీల్లో అయితే అది కుదిరే పని కాదు. అందుకే బ్యాలట్ మీద పార్టీ పేరు అచ్చెయ్యండి అనేవాళ్ళతో నేను కలవను. అచ్చేస్తే విట్‌మైర్ లాంటివాళ్ళు పుట్టరు, మా ఊరి కత్తెర గుర్తాయన లాంటివాళ్ళకి మాత్రం ఏ లోటూ ఉండదు.

హ్యూస్టన్‌లో జనం ముందు తెలుసుకుని తర్వాత ఓటేశారు. డాలస్‌లో ముందు ఓటేసి తర్వాత తెలుసుకున్నారు. మీతో నాకున్న పేచీ అంతా ఈ వరస దగ్గరే.

ఇప్పుడు మా గుమ్మం దగ్గర జరిగిన ఒక సంగతి చెప్తాను. 2025 మే ఎన్నికల ముందు, కౌన్సిల్ సీటుకి, ఒక అభ్యర్థి తరఫున ఇరవై ఏళ్ళ కుర్రాడు మా తలుపు తట్టాడు. నేను తీశాను. వాడు ఫోన్ చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోన్ చూసి, "మీ ఆవిడ ఉన్నారా" అన్నాడు. నాతో మాట్లాడొచ్చు కదా నేనూ ఓటర్నే అంటే ఇబ్బందిగా నవ్వాడు. సంగతేంటంటే 2024 మార్చిలో మా ఆవిడ ఒక పార్టీ ప్రైమరీలో ఓటేసింది, నేను ఇంకో పార్టీ ప్రైమరీలో వేశాను (ఇంట్లో దీని మీద గొడవ జరిగి సర్దుకుంది, మా అత్తయ్యగారికి ఇప్పటికీ తెలీదు). టెక్సస్‌లో పార్టీ పేరుతో ఓటరు నమోదు లేదు గానీ ఎవరు ఏ ప్రైమరీకి వెళ్ళారన్నది బహిరంగ రికార్డే. ఆ రికార్డు వాడి ఫోన్‌లో ఉంది. మా ఆవిడ పేరు పక్కన ఒక రంగు, నా పేరు పక్కన ఇంకో రంగు.

వాడు చేతికిచ్చిన కార్డు మీద అభ్యర్థి ఫొటో, కుక్కపిల్ల, పార్కులు, రోడ్లు, భద్రత. పార్టీ ఊసు లేదు. ఇది పార్టీ రహిత ఎన్నిక కదా మరి.

అంటే నేను ఏ పార్టీకి దగ్గరో అభ్యర్థికి తెలుసు, అభ్యర్థి ఏ పార్టీకి దగ్గరో నాకు తెలీకూడదు. ఇదెక్కడి లెక్కండీ? తెలుసుకోవాలంటే తెలుస్తుంది, నిజమే, రికార్డు అడిగి తెప్పించుకోవచ్చు. ఉద్యోగం, పిల్లల క్లాసులు, ఇండియా ఫోన్లు అన్నీ అయ్యాక రాత్రి పదకొండింటికి కూర్చుని కౌంటీ ఆఫీసుకి అర్జీ రాసే ఓటరు ఎవరైనా ఉంటే వాళ్ళకి దణ్ణం పెడతాను. మిగతావాళ్ళం ఏం చేస్తామో కూడా చెప్తాను. పోలింగ్ చోట వంద అడుగుల గీత అవతల గొడుగులేసుకుని నిలబడ్డవాళ్ళ చేతిలో జాబితా తీసుకుంటాం, లేదా వాట్సాప్ గ్రూపులో ముందురోజు రాత్రి ఎవరో "మనవాళ్ళకి వీళ్ళు మంచిది" అని పెట్టిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసుకుంటాం. ఆ మెసేజ్ రాసిందెవరో, ఎవరు రాయించారో ఎవరికీ తెలీదు. మా గ్రూపుల గురించి మేమే సిగ్గుపడాలి, అది మీ పద్దులో వెయ్యను.

మీ రెండో విడత 2027లో ముగుస్తుంది, మళ్ళీ వరసగా నిలబడటానికి నిబంధన ఒప్పుకోదు. కాబట్టి ఇప్పుడు నేను అడిగేదాని వల్ల మీకు వచ్చే నష్టం ఏమీ లేదు, అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను, రేపు నిలబడబోయేవాళ్ళని అడిగితే దాటేస్తారు. నగరం వెబ్‌సైట్‌లో ప్రతి అభ్యర్థికీ ఒక పేజీ పెట్టించండి. గత ఐదారు ప్రైమరీల్లో ఏ పార్టీకి ఓటేశారో ఆ రికార్డు (ఎలాగూ బహిరంగమే, కొత్తగా ఎవరి గుట్టూ బయటపడదు), ఎవరెవరు మద్దతు ప్రకటించారో, ఏ తేదీన ప్రకటించారో, పార్టీ కమిటీల నుంచి డబ్బెంత వచ్చిందో. ముందస్తు ఓటింగ్ మొదలయ్యే రోజుకి ఇదంతా అందులో ఉండాలి. బ్యాలట్ ఇప్పుడున్నట్టే తెల్లగా ఉండనివ్వండి. అవతలి పార్టీవాళ్ళు బలపరిచారా, అదీ అక్కడే కనపడుతుంది. అది అభ్యర్థికి గొప్పో తప్పో మేం తేల్చుకుంటాం. ఈ విషయం కౌన్సిల్లో చర్చకి పెట్టించగలిగిన స్థానంలో మీరున్నారు. మీతో పడని కౌన్సిల్ సభ్యులు కూడా దీనికి వద్దనడం కష్టం, వద్దంటే ఎందుకు వద్దో చెప్పాల్సి వస్తుంది.

రెండోది చిన్నది. 2027లో మీ వారసుడిగా ఎవరినో ఒకరిని మీరు బలపరుస్తారు, బలపరచకుండా ఉంటారని ఎవరూ అనుకోవడం లేదు. 2023 నవంబర్ నుంచి రిపబ్లికన్ మేయర్ల సంఘం నడుపుతున్నారు, 2024లో మిల్వాకీలో ఆ పార్టీ జాతీయ సభలో మాట్లాడారు, మీ మాటకి ఇప్పుడు ఒక పార్టీ బరువుంది. ఆ పేరేదో రన్ఆఫ్ దాకా నానబెట్టకుండా మొదటి రౌండుకి ముందే చెప్పండి. ఆ అభ్యర్థి డెమోక్రాటే అయినా సరే. నిజానికి మీరు ఒక డెమోక్రాట్‌ని బలపరిస్తే చూడాలని నాకు సరదాగా ఉంది.

మా పెదనాన్నకి మొన్న ఈ పేజీ సంగతి చెప్తే, "ఆ కాగితం స్కూలు గోడకి అంటిస్తారా, ఫోన్లో చూసుకోవాలా" అని అడిగాడు. ఫోన్లోనే అన్నాను. కళ్ళజోడు లేనివాళ్ళకి ఎట్లా అన్నాడు. కాబట్టి లైబ్రరీల్లో, పోలింగ్ చోట్ల బయట ఒక పెద్ద కాగితం కూడా అంటించేలా చూడండి, అక్షరాలు కొంచెం పెద్దవిగా.

ఈసారి బ్యాలట్ మీద ఒక్క పేరే ఉన్నా వస్తాను. ఇడ్లీ తినే వస్తాను.

ఇట్లు,
ఉత్తర డాలస్ నుంచి ఒక ఓటరు