ఫుకెట్‌లో మన వ్యాన్ టూరు ఆపేశాం

మా దగ్గర సింగపూర్ క్రూయిజ్ బుక్ చేసుకున్నవాళ్ళకీ, చేసుకుందామని చూస్తున్నవాళ్ళకీ ఒక మాట. ఈ సీజన్ నుంచి థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో మన సొంత వ్యాన్ టూరు ఉండదు. అక్కడ ఊరు చూడాలంటే ఓడవాళ్ళు అమ్మే టూరే తీసుకోండి. వద్దనుకుంటే పడవ దిగిన చోట బీచ్‌లోనే కాసేపు తిరిగి, కొబ్బరి బొండం తాగి వెనక్కి వచ్చేయండి. మలేషియాలోని పెనాంగ్‌లో మాత్రం మన టూరు ఎప్పటిలాగే ఉంటుంది. ఫుకెట్‌కి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళ సంగతి చివర్లో రాశాను.

ఎందుకు ఆపేశామంటే, అక్కడి వ్యాన్‌వాళ్ళతో కుదరలేదనో, రేట్లు పెరిగాయనో ఏదో ఒకటి చెప్పేయొచ్చు. కానీ పోయిన నవంబర్ ట్రిప్‌కి వచ్చిన 22 మందీ శ్రీకాకుళం, నరసన్నపేట, పొందూరు, విజయనగరం వాళ్ళే. అక్కడ ఏం జరిగిందో ఈపాటికి వాళ్ళ చుట్టాలందరికీ తెలిసే ఉంటుంది. అదేదో నా నోటితోనే చెప్తే మంచిది.

ఫుకెట్‌లో మా ఓడ ఒడ్డుకి రాలేదు. పటాంగ్ బీచ్ ఎదురుగా సముద్రంలోనే లంగరు వేసింది. జనాన్ని చిన్న పడవల మీద ఒడ్డుకి దించుతారు. వీటిని టెండర్లంటారు. ఒకప్పుడు మన కళింగపట్నంలోనూ అంతే, ఓడ దూరంగా ఆగితే సరుకంతా పడవల మీదే వెళ్ళేది. అయితే ఈ పడవల్లో ముందు ఎక్కేది ఓడ టూరు కొన్నవాళ్ళు. సొంతంగా తిరిగేవాళ్ళు నంబరు చీటీ తీసుకుని కూర్చోవాలి. ఓడ తొమ్మిదికి ఆగితే, మా 22 మందీ ఒడ్డు మీద కాలు పెట్టేసరికి పదింపావు దాటింది. వెనక్కి వచ్చే ఆఖరి పడవ నాలుగున్నరకి. అందుకని నేను ముందే అందరికీ ఒక కాగితం ప్రింటు తీయించి ఇచ్చాను: "నాలుగు గంటలకల్లా పడవ దగ్గర ఉండాలి."

ఎవరి నాలుగు గంటలు? అది రాయలేదు.

థాయిలాండ్ టైమ్ సింగపూర్ కంటే గంట వెనక. ఆ ఓడ ట్రిప్ అంతా సింగపూర్ టైమే పాటించింది. మన ఫోన్లు మాత్రం ఒడ్డున సిగ్నల్ దొరకగానే వాటంతట అవే థాయ్ టైమ్‌కి మారిపోయాయి. నాకు ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. సింగపూర్‌లో దిగినప్పుడు మన టైమ్‌కి రెండున్నర గంటలు కలుపుకోవాలని అందరికీ చెప్పింది నేనే. కానీ ఆ రోజు పొద్దున్నుంచి ఒకరికి బీపీ మాత్ర, ఇంకొకరికి పచ్చి మంచినీళ్ళు పడవు, వేడినీళ్ళు కావాలి, మరొకరి చెప్పు తెగింది. ఆ హడావిడిలో మర్చిపోయాను.

వాట్ చలోంగ్ అని అక్కడ పెద్ద బౌద్ధ ఆలయం ఉంది. మొక్కు తీరినవాళ్ళు ఇటుక బట్టీలాంటి గూట్లో టపాకాయల దండలు వేసి పేలుస్తారు. మనవాళ్ళకి అది బాగా నచ్చింది, కదలరు. నా ఫోన్‌లో రెండున్నర దాటింది. ఇంకా బోలెడు టైమ్ ఉందని నేనూ ఒక బల్ల మీద కూర్చున్నాను. మా గుంపులో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. పాత కీ వాచీ పెట్టుకుంటారు, రోజూ పొద్దున్నే కీ ఇస్తారు. సింగపూర్‌లో ముల్లు తిప్పారు, మళ్ళీ ముట్టుకోలేదు. ఆయన నా దగ్గరికొచ్చి, "ఏమ్మా, నా వాచీలో 3:35 అయింది. నీ ఫోన్‌లో 2:35 ఉంది. ఓడ ఎవరి మాట వింటుంది?" అన్నారు.

ఆ తరవాత జరిగింది నాకు సగమే గుర్తుంది. టపాకాయల దగ్గర్నుంచి ఇద్దరిని, బాత్రూం దగ్గర్నుంచి ఇంకొకరిని లాక్కొచ్చాం. డ్రైవర్‌కి విషయం అర్థం కావడానికే రెండు నిమిషాలు పట్టింది. ఆయనది ఆ ఊరే, ఆయన లెక్కలో ఇంకా గంట ఉంది. పటాంగ్ రావాలంటే కొండ రోడ్డు ఎక్కి దిగాలి, అక్కడ ఎప్పుడూ ట్రాఫిక్కే. వ్యాన్‌లో ఒక్కరూ మాట్లాడలేదు. మేం పరిగెత్తి పడవ దగ్గరికి చేరేసరికి మాస్టారి వాచీలో 4:27. ఆఖరి పడవలో మాతో పాటు ఎక్కింది ఓడ సిబ్బంది మాత్రమే.

ఆ మూడు నిమిషాలు లేకపోతే? 22 మంది ఫుకెట్‌లో ఉండిపోయేవాళ్ళు. బట్టలు ఓడలో. మందులు ఓడలో. పాస్‌పోర్టులు ఎక్కేటప్పుడే ఓడవాళ్ళు తీసుకున్నారు. రానివాళ్ళ పాస్‌పోర్టులు రేవులో ఏజెంటుకి అప్పగించి వెళ్ళే పద్ధతి చాలా ఓడల్లో ఉంది. ఆ ఏజెంటు ఎవరో, ఆఫీసు ఎక్కడో వెతుక్కోవాలి. ఆ రాత్రి హోటలు, మర్నాడు సింగపూర్‌కి విమానం టికెట్లు, అన్నీ మన చేతి డబ్బే. నా చేతి డబ్బు అనాలి. అంత మొత్తం ఆ రోజు నా దగ్గర లేదు.

2024 మార్చిలో ఆఫ్రికా పక్కన సావో టోమే అనే దీవిలో సరిగ్గా ఇదే జరిగింది. ఎనిమిది మంది సొంతంగా టూరుకెళ్ళి ఆలస్యంగా వచ్చారు. ఓడ ఇంకా కళ్ళెదురుగానే ఉంది. అక్కడి కోస్ట్ గార్డు వాళ్ళని పడవలో ఓడ దాకా తీసుకెళ్ళింది కూడా. అయినా ఎక్కించుకోలేదు. దేశాలు మారి మారి, చివరికి సెనెగల్‌లో ఓడని అందుకున్నారు. ఈ వార్త నేను అప్పుడే చదివాను, చదివి "అయ్యో పాపం" అనుకుని పక్కన పెట్టాను.

మనం ఆర్టీసీ బస్సుకి అలవాటుపడ్డవాళ్ళం. టీ తాగడానికి దిగితే కండక్టరు తలలు లెక్కపెట్టుకుని, "ఇంకెవరైనా రావాలా?" అని అడిగాకే బెల్లు కొడతాడు. ఓడ కూడా అలా అడుగుతుంది, కాకపోతే తన టూరు కొన్నవాళ్ళ గురించే. వాళ్ళ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మామూలుగా ఓడ ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే తరవాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్ళే తీసుకుంటారు. ఓడ టూరుకి మీరు కట్టే ఎక్కువ డబ్బులో పెద్ద భాగం ఈ భరోసాకే. చూపించే చోట్లు కొత్తవేం కావు. చాలాచోట్ల బస్సు, గైడు కూడా ఆ ఊళ్ళో వాళ్ళే. ఓడ కాంట్రాక్టుకి తీసుకుంటుంది, అంతే.

అలాగని ఓడ టూరు గొప్పదని నేను చెప్పను. నవంబర్‌కి ముందు ట్రిప్‌లో మావాళ్ళు నలుగురు ఫుకెట్‌లో అదే తీసుకున్నారు. నలభై మంది ఒకే బస్సు. ఎక్కడ ఆగినా దిగడానికి పది నిమిషాలు, మళ్ళీ ఎక్కడానికి పావుగంట. ఒక రత్నాల దుకాణంలో ముప్పావు గంట, జీడిపప్పు దుకాణంలో ఇంకో అరగంట. పలాస జీడిపప్పు తిని పెరిగినవాళ్ళకి ఆ రేటుకి జీడిపప్పు చూపిస్తే ఏమనుకుంటారు! భోజనంలో శాకాహారం అడిగితే ఉత్త అన్నం, కీరా ముక్కలు ఇచ్చారట. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఒకరు సగం చోట్ల బస్సు దిగనే లేదు. మన వ్యాన్ టూరు ఓడ అడిగేదానిలో సగానికే అయ్యేది, పైగా ఎక్కడ కావాలంటే అక్కడ ఆపించుకునేవాళ్ళం. అవన్నీ పోతాయని తెలిసే ఫుకెట్ ఆపేస్తున్నాను.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మీరు ఓడ టూరు కొంటే నాకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. మన వ్యాన్ ఎక్కితే మిగులుతుంది. విజయనగరం నుంచి వచ్చిన ఒకావిడ తిరిగొచ్చాక ఫోన్ చేసి, "ఈ ముక్క ముందే ఎందుకు చెప్పలేదమ్మా? చెప్తే మేమే ఆలోచించుకునేవాళ్ళం కదా" అన్నారు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు ఉడుక్కున్నాను. తరవాత నవంబర్ లెక్కల పుస్తకం తీసి చూసుకున్నాను. ఫుకెట్ వ్యాన్ల మీద నాకు మిగిలింది 9,400 రూపాయలు. ఆ 9,400 కోసం 22 మందిని పరిగెత్తించాను. ఇక నుంచి ప్రతి బుకింగ్ కాగితం మీద, ఏ టూరు తీసుకుంటే నాకెంత వస్తుందో రాసి ఇస్తాను.

పెనాంగ్ సంగతి వేరు. అక్కడ ఓడ నేరుగా స్వెటెన్‌హామ్ రేవుకి ఆనుకుంటుంది. మెట్లు దిగితే పెనాంగ్ ముఖ్య పట్టణం జార్జ్‌టౌన్‌లో ఉన్నట్టే. మలేషియా టైమూ సింగపూర్ టైమూ ఒకటే కాబట్టి ఫోన్ల గొడవ లేదు. లిటిల్ ఇండియాకి నడిచి వెళ్ళొచ్చు. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఉంది. ఆ వీధుల్లో పూలదండలు, సాంబ్రాణి వాసన, అరిటాకు భోజనం. పొందూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అరిటాకులో పెరుగన్నం కలుపుకుంటూ, "ఏటమ్మా, ఇంత దూరమొచ్చి మనింట్లో కూకున్నట్టుంది" అన్నారు. మా తాత చిన్నప్పుడు ఊళ్ళో సగం మంది రంగం వెళ్ళినవాళ్ళేనని చెప్పేవాడు. రంగూన్‌ని వాళ్ళు అలాగే అనేవాళ్ళు. సముద్రం దాటి బియ్యం మిల్లుల్లో కూలికి వెళ్ళిన ఊళ్ళవాళ్ళం, ఇప్పుడు అరిటాకు భోజనానికి వెళ్తున్నాం. ఆవిడ పక్కన కూర్చుని తింటుంటే ఎందుకో ఆయనే గుర్తొచ్చాడు.

పెనాంగ్‌లో మన టూరు: గుడి, లిటిల్ ఇండియా, భోజనం, తరవాత వ్యాన్‌లో కెక్ లోక్ సీ అనే బౌద్ధ ఆలయం. మెట్లు ఎక్కలేనివాళ్ళకి వ్యాన్‌లోనే ఆగే వీలుంది. పెనాంగ్ కొండ రైలు అడగొద్దు. క్యూ ఎంత ఉంటుందో ముందు చెప్పలేం, అందుకే పెట్టలేదు. ఓడ చెప్పిన టైమ్‌కి రెండు గంటల ముందే రేవుకి చేరిపోతాం. తొందరగా వచ్చేశామని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోండి. ఆమదాలవలస స్టేషన్‌కి రైలు టైమ్ కంటే గంటన్నర ముందు చేరి కూర్చునేవాళ్ళే కదా మనమంతా.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడ అలాస్కా క్రూయిజ్ ఎక్కేవాళ్ళు కూడా ఈ మధ్య మమ్మల్ని అడుగుతున్నారు. దాని మీద మాకు రూపాయి రాదు, అయినా తెలిసింది చెప్తాను. జూనోలో ఓడ ఊళ్ళోనే ఆగుతుంది. మెండెన్‌హాల్ హిమానీనదం అక్కడికి 20 కిలోమీటర్లే, బస్సులు దొరుకుతాయి. అక్కడ సొంతంగా తిరిగినా భయం లేదు. స్కాగ్‌వే అని అలాస్కాలోనే ఇంకో రేవు ఉంది, అక్కడ కొండ రైలు టూరు తీసుకునేటప్పుడు మాత్రం అది కెనడా లోపలికి వెళ్ళి దిగేదా, సరిహద్దు దాకా వెళ్ళి వెనక్కి తిరిగేదా కనుక్కోండి. మీ చేతిలో అమెరికా వీసా ఒక్కటే ఉంటే మొదటిది కుదరదు. అసలు సియాటిల్‌లో ఎక్కే అలాస్కా ఓడలు మామూలుగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికాలో ఎక్కించుకుని మళ్ళీ అమెరికాలోనే దించాలంటే మధ్యలో వేరే దేశం రేవు ఒకటి తగలాలని 1886 నాటి చట్టం ఉంది. కాబట్టి టికెట్ కొనే ముందే కెనడా వీసా సంగతి పిల్లల్ని చూడమనండి.

డబ్బు వెనక్కివ్వడం గురించి. ఓడ ఏ కారణంగానైనా ఒక రేవులో ఆగకపోతే, ఓడ టూరు డబ్బు వాళ్ళే తిరిగి ఇచ్చేస్తారు. సొంత టూరుకి అలా కాదు, ఎవరితో ఏం మాట్లాడుకున్నామో దాన్నిబట్టే. ఇది ఎక్కడో జరిగే విషయమూ కాదు. 2022 జూన్‌లో విశాఖ నుంచి బయల్దేరిన మొదటి క్రూయిజ్‌కి పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఓడలో కాసినో ఉందన్నది అభ్యంతరం. అక్కడ దిగకుండానే ఓడ వెళ్ళిపోయింది. మన పెనాంగ్ టూరుకైతే ఇలా: ఓడ అక్కడ ఆగకపోతే వ్యాన్ అడ్వాన్సు కింద మనిషికి 300 రూపాయలు పోతాయి. మిగతాదంతా మీరు ఇంటికి చేరిన వారంలోపు ఇచ్చేస్తాం. ఇదివరకు నేను దీన్ని నోటిమాటగా చెప్పేదాన్ని, ఇప్పుడు రసీదు మీదే అచ్చు వేయించాను.

నవంబర్ ట్రిప్‌వాళ్ళకి ఫుకెట్ టూరు డబ్బు మొత్తం, మనిషికి 1,900, వెనక్కి ఇచ్చేస్తున్నాను. టూరు చూశాం కదా, వద్దులేమ్మా అని ముగ్గురు నలుగురు అన్నారు. దయచేసి తీసుకోండి, లేకపోతే నా పుస్తకంలో ఆ లెక్క తెగదు. మాస్టారైతే తన వాటాతో పెనాంగ్ బుక్ చేసుకున్నారు, జనవరి ట్రిప్‌కి.

జనవరి, ఫిబ్రవరి ట్రిప్‌లకి ఫుకెట్ డబ్బు కట్టినవాళ్ళు రెండిట్లో ఏదైనా చేయొచ్చు. మొత్తం వెనక్కి తీసుకోవచ్చు, లేదా పైన తేడా కట్టి ఓడ టూరుకి మారొచ్చు. ఓడ టూరులో సీట్లు ముందే అయిపోతాయి కాబట్టి మారేవాళ్ళు ఈ నెలాఖరులోగా చెప్పండి. ఆఫీసు పాత చోటే, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మేడ మీద. పొద్దున్న పదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంటాను. ఆదివారం మాత్రం సాయంత్రమే, పొద్దున్నంతా అరసవల్లి బండ్లతో సరిపోతుంది. రసీదు తెచ్చుకోండి. పోగొట్టుకున్నా పర్వాలేదు, పేరు చెప్తే పుస్తకంలో చూసి ఇస్తాను.