ఏటీ టైర్లు ఇంకో మూడు వారాలు ఆలస్యం

ఏటీ టైర్లకు (ఆల్ టెరైన్, అంటే తారు రోడ్డుకీ మట్టి దారికీ పనికొచ్చేవి) అడ్వాన్స్ ఇచ్చిన పదకొండు మందికీ చెప్పాల్సిన మాట. ఈ శనివారం ఇస్తానన్న టైర్లు ఇవ్వలేను. సరుకు వచ్చింది, నేనే తిప్పి పంపేశాను.

టైరు పక్కన డాట్ అనే అక్షరాలున్న వరుసలో చివరి నాలుగు అంకెలు అది ఎప్పుడు తయారైందో చెబుతాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాకు వచ్చిన వాటి మీద 2121 అని ఉంది, అంటే 2021లో 21వ వారం. చూడ్డానికి తళతళలాడుతున్నాయి. డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేస్తే "అంకెలు ఎవరు చూస్తరన్నా?" అన్నాడు. పన్నెండేళ్లుగా అతని దగ్గరే కొంటున్నాను. ఆ మాట ఇంకా మింగుడు పడటం లేదు. ఎండ తగలకుండా దాచితే టైరు అంత త్వరగా పాడవదన్నాడు. నిజమే. కానీ అవి ఏ రేకుల షెడ్డులో పడి ఉన్నాయో నాకేం తెలుసు? రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద పట్టు తప్పేది మీ బండికి, అతనికి కాదు. ఇక అతని దగ్గర వాల్వు కూడా కొనను.

అంకెలు నేను చూస్తానని అతనితో గట్టిగానే అన్నాను. తర్వాత చూస్తే, అంతకుముందు లాట్‌లో రెండు థార్ జీపులకు చూడకుండానే బిగించి పంపాం. పూర్తి అంకెలు చాలా టైర్లకు ఒకవైపే ఉంటాయి, ఆ వైపు లోపలికి వెళ్లిపోయింది. రెండు రాత్రులు నిద్ర లేదు. ఎనిమిది టైర్ల డబ్బంటే మా షాపుకు చిన్న మాట కాదు. చెప్పకపోతే వాళ్లకు తెలిసేదీ కాదు. మూడో రోజు పొద్దున్నే ఇద్దరికీ ఫోన్ చేశాను. ఖర్చు నాదే, కొత్తవి రాగానే మారుస్తాను.

"ఎంటీలు స్టాక్‌లో ఉన్నాయిగా, అవే వేసెయ్" అని కొందరంటున్నారు. వెయ్యను. ఎంటీ అంటే మడ్ టెరైన్, బురద కోసం చేసిన టైరు. వానల్లో వికారాబాద్ వైపు నల్లరేగడిలో బండి దింపేవాళ్లకు ఎంటీ సరైనదే, టైరు మీది రబ్బరు బ్లాకుల మధ్య సందు ఎక్కువ కాబట్టి బురద విదిలించుకుంటుంది. వారంలో ఆరు రోజులు గచ్చిబౌలి ఆఫీసుకు తిరిగే బండికి మాత్రం ఆ సందువల్లే మోత, తడి తారు మీద బ్రేకు ఆలస్యం. అలిగి వేరే షాపుకు వెళ్తే వెళ్లండి.

మారుతీ జిమ్నీకి 215/75 ఆర్15 సైజు అడిగినవాళ్లు కంగారుపడొద్దు. కంపెనీ బిగించి ఇచ్చే 195/80 సైజు కన్నా ఎత్తు ఒక సెంటీమీటరే ఎక్కువ, అదే తెప్పిస్తున్నాను.

అడ్వాన్స్ వెనక్కి కావాలంటే సాయంత్రం ఏడు లోపు రండి. ఆగేవాళ్లు మాత్రం టైర్లు వచ్చాక ముందు అంకెలు చదవండి, ఆ తర్వాతే బిగిస్తాం.