థంబ్‌నెయిల్ పెట్టే ముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్కారం. మన గ్రూప్‌లో బ్లాగులు, ట్రావెల్ వీడియోలు చేసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఆఫ్రికా దేశాలను మనం చూపించే తీరు గురించి ఇక్కడే చెప్పాలనిపించింది.

2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత కెన్యాలో అల్లర్లు చెలరేగాయి. ప్రభుత్వం ప్రత్యక్ష ప్రసారాలు ఆపించింది. అప్పుడు ఓరీ ఒకోలో అనే బ్లాగర్, జనం పంపిన వివరాలు తన బ్లాగులో పెడుతూ వచ్చారు. వీటిని మ్యాప్ మీద చూపించగలమా అని అడిగారు. కొద్ది రోజుల్లోనే తోటి బ్లాగర్లు, ప్రోగ్రామర్లు కలిసి ‘ఉషాహిదీ’ అనే వెబ్‌సైట్ తయారుచేశారు. ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్ పంపినా చాలు, ఆ ఘటన ఎక్కడ జరిగిందో మ్యాప్ మీదికి ఎక్కేది. ‘దేశం తగలబడిపోతోంది’ అని ఒక్క మాటలో తేల్చేయకుండా ఏ చోట, ఎప్పుడు, ఏం జరిగిందో చూపించారు. దేశం పరువు పోతుందని హింసను దాచలేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

2015లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా కెన్యా పర్యటనకు ముందు, అమెరికా వార్తా ఛానెల్ సీఎన్ఎన్ ఆ దేశాన్ని ఉగ్రవాదానికి నిలయంలా చూపిస్తే, అక్కడి జనం ట్విటర్‌లో గట్టిగా నిలదీశారు. ఆ సంస్థ ఉన్నతాధికారి నైరోబీ వెళ్లి మరీ క్షమాపణ చెప్పారు.

‘ఆఫ్రికాలో భయంకర అనుభవం’ లాంటి థంబ్‌నెయిల్స్ దయచేసి వద్దు. ఏ దేశమో, ఏ ఊరో, ఎప్పుడు తీశారో రాయండి. పాత క్లిప్ అయితే ఆ సంగతి చెప్పండి. పొరపాటు దొర్లితే గుట్టుగా డిలీట్ చేయకుండా సవరణ కూడా అక్కడే పెట్టండి. మనది చిన్న ఛానెలే కదా అనుకోవద్దు, కొందరు ఆ దేశాన్ని మొదటిసారి చూసేది మన వీడియోలోనే.