రవాణా శాఖ మంత్రి గారికి: ఇంజన్ మార్చుకున్న పాత కారుకి ఆర్‌సీ మీద చోటు ఇప్పించండి

మంత్రి గారూ, నమస్కారం.

మాది విజయనగరం. మా ఇంట్లో 2006 నాటి మారుతి 800 ఉంది. నాన్నగారు మాస్టారుగా ఉన్నప్పుడు పీఎఫ్ లోను పెట్టి కొన్నారు, మొదటి పూజ పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర చేయించారు. ఆ కారు ఇవాళ్టికీ నడుస్తోంది, రోజూ అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది అదే. కాకపోతే ఇప్పుడు దాంట్లో ఉన్న ఇంజన్ కంపెనీ నుంచి దాంతో వచ్చింది కాదు. అందుకే మీకు ఈ లేఖ.

పోయిన వేసవిలో శ్రీకాకుళం నుంచి తిరిగి వస్తుంటే రణస్థలం దాటాక రేడియేటర్ కింది హోస్ పగిలింది. వేడి ముల్లు ఎప్పుడు పైకి వెళ్ళిపోయిందో నేను చూసుకోలేదు. పూసపాటిరేగ దగ్గర బండి ఆగిపోయింది, మళ్ళీ తిరగలేదు. కట్టి లాక్కొచ్చాక మా మెకానిక్ ప్లగ్గులు తీసి, ఇంజన్‌ని తిప్పే ఇరుసు, అదే క్రాంక్‌కి పానా వేసి తిప్పి చూసి ఒకటే మాట అన్నాడు: "ఇంజను పట్టీసింది బాబూ." ఇంజన్ పైమూత, అదే హెడ్ విప్పితే రెండో పిస్టన్ అది కదిలే బోరుకి అతుక్కుపోయి ఉంది, హెడ్ వంగిపోయింది, క్రాంక్ మీద గీతలు పడ్డాయి. బోరు కొట్టించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి, హెడ్ ఫేసింగ్ పట్టించి... ఇలా ఉన్న ఇంజన్‌నే బాగు చేయిద్దామని లెక్క వేస్తే మంచి పాత ఇంజన్ ధర కన్నా ఎక్కువ అయ్యేలా ఉంది. ఒక పెద్ద వర్క్‌షాపులో అడిగితే, ఇంత పాత బండికి ఇంజన్ పని ఎందుకండీ, స్క్రాప్‌కి ఇచ్చేయండి అన్నారు. నాన్నగారు ఆ మాట విని కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేశారు.

వెనక నుంచి లారీ గుద్దేసిన ఇంకో 800 దొరికింది. అదే మోడల్, ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. ఓనరు దగ్గర ఆర్‌సీ కాపీ, స్టాంపు కాగితం మీద అమ్మకం రాత, ఇంజన్ నంబరు ఫొటో, అన్నీ తీసుకున్నాను. తర్వాత మూడు ఆదివారాలు నేనూ, మా మెకానిక్కూ, వలస వెళ్ళి షిప్‌యార్డులో వెల్డింగ్ నేర్చుకుని వచ్చిన మా పక్కింటి కుర్రాడూ కలిసి పని చేశాం. ప్రతి వైరుకీ టేప్ చుట్టి పేరు రాశాం. చైన్ బ్లాక్‌తో పాత ఇంజన్ దించాం. కొత్తగా వచ్చేది బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్రాంక్ ఆయిల్ సీళ్ళు, క్లచ్ ప్లేటు మార్చేశాం, ఎందుకంటే లోపల కూర్చోబెట్టాక వాటి కోసం మళ్ళీ దించాలంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. సముద్రం గాలికి కింద ఫ్లోరు తుప్పు పట్టిన చోట ఆ కుర్రాడు కొత్త రేకు అతికాడు. మూడో ఆదివారం సాయంత్రం స్టార్ట్ చేస్తే రెండో సెల్ఫ్‌కే అందుకుంది. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఇంజన్ మారింది, కాబట్టి నంబరు మారింది, ఆర్‌సీ మీద కొత్త నంబరు రాయించుకోవాలి. ఎవరూ అడక్కుండానే నా అంతట నేను కాగితాలు పట్టుకుని ఒక రవాణా కార్యాలయానికి వెళ్ళాను. మొదటి కౌంటర్‌లో ఇది ఆల్టరేషన్, అంటే బండి రూపు మార్చడం కిందికి వస్తుంది, కుదరదు అన్నారు. రెండో కౌంటర్‌లో ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నారు, ఆన్‌లైన్‌లో ఏ సేవ కింద పెట్టాలో మాత్రం చెప్పలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు బండిని చూస్తే చాలు కదా అని అడిగితే, అప్రూవల్ లేకుండా చూడరు అన్నారు. గేటు బయటికి వచ్చాక ఒకాయన దగ్గరికి వచ్చి, ఎందుకు సార్ ఈ తిరుగుడు, పాత నంబరే కొత్త ఇంజన్ మీద పంచ్ కొట్టించేస్తే ఎవరికీ తెలీదు అన్నాడు.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంత్రి గారూ, ఆయన చెప్పింది నేరం. దొంగ బండ్లకి చేసే పని అది. నిజాయితీగా బిల్లుతో, కాగితాలతో ఇంజన్ కొన్నవాడు కూడా చివరికి దొంగలు చేసే పనే చెయ్యాలా? సరైన దారి మూసి ఉంటే జనం ఈ పంచ్ దారే పడతారు. అప్పుడు ఏది కొన్న ఇంజనో, ఏది కొట్టేసిన ఇంజనో పోలీసులకి కూడా తెలియదు. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి నంబరు కలవట్లేదంటే ఆ కుటుంబం గతేంటి?

చట్టం ఏం చెబుతోందో నేను కూర్చుని చదివాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు అంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. ఒప్పుకుంటాను, అది మంచిదే. కానీ నా బండిలో ఆ భిన్నం ఎక్కడుంది? అదే కంపెనీ, అదే 796 సీసీ, అదే పెట్రోలు. మారింది ఒక్క నంబరు. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది: పదికి తక్కువ కాకుండా రవాణా వాహనాలు ఉన్న యజమానికి, అదే మేకు (అంటే అదే కంపెనీ), అదే టైపు ఇంజన్‌ని ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునే వెసులుబాటు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో ఇవ్వొచ్చు, అలా మార్చినవాళ్ళు 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీ మీద ఎక్కించుకోవాలి. అంటే ఇంజన్ అరిగిపోయే వస్తువనీ, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి వస్తుందనీ చట్టం రాసినవాళ్ళకి తెలుసు. లారీలకి పేరుపడ్డ సాలూరు మాకు దగ్గరే, పది లారీలున్నవాళ్ళ అవసరం నాకు అర్థమవుతుంది. ఒక్క కారు ఉన్నవాడికి ముందస్తు అనుమతి తప్పదంటే తప్పకుండా తీసుకుంటాను. ఆ అనుమతి ఎక్కడ, ఎన్ని రోజుల్లో, ఏ కాగితాలతో ఇస్తారో చెప్పేవాళ్ళే లేకపోతే ఎలా?

మా షెడ్డుల్లో మెకానిక్కులు భయపడుతున్నారు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకి ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ అని ఉంది. రిపేరుకీ మోడిఫికేషన్‌కీ గీత ఎక్కడుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అరిగిన ఇంజన్ బదులు అదే ఇంజన్ వేయడం రిపేరు. పాత మహీంద్రా జీపులో టయోటా డీజిల్ ఇంజన్ వేయడం, 800లో పెద్ద ఇంజన్ కూర్చోబెట్టడం మోడిఫికేషన్. వాటికి బ్రేకులు సరిపోవాలి, మౌంటింగులు బరువు మొయ్యాలి, గేర్‌బాక్సూ షాఫ్టులూ ఆ ఊపు తట్టుకోవాలి. పరీక్ష లేకుండా వాటిని రోడ్డెక్కించమని నేను అడగను, మా పిల్లలు కూడా ఆ రోడ్ల మీదే స్కూలుకి వెళ్తారు. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దనే నా బాధ.

స్పేర్ పార్టుల సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. విడిభాగాలు, రిపేరు మాన్యువల్స్ బయట షెడ్డులకి దొరకనివ్వట్లేదని 2014లో వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్రం కంపెనీల రిపేరు సమాచారం ఒకేచోట దొరికేలా రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. కాగితం మీద ఇంత జరిగాక మా ఊరి షెడ్డులో మనిషి ఇప్పటికీ వైరింగ్ డయాగ్రమ్ కోసం ఫోన్‌లో మసక ఫొటోలు పెద్దవి చేసి చూసుకుంటున్నాడు.

మీరు చెయ్యగలిగినవే అడుగుతున్నాను. అదే మేకు, అదే మోడల్, అదే ఇంధనం అయితే ఇంజన్ మార్పుకి అనుమతి ఇన్ని రోజుల్లో ఇవ్వాలని ఒక సర్క్యులర్ పంపండి. ప్రతి జిల్లా ఆఫీసు గోడ మీద, ఏ కాగితాలు కావాలో, ఫీజు ఎంతో, ఏ కౌంటరో తెలుగులో రాయించండి. నెలలో ఒక రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఇలాంటి బండ్లనే చూసే ఏర్పాటు చెయ్యండి. ఇంజన్ అమ్మినవాడి ఆర్‌సీ కాపీ, అమ్మకం రాత తప్పనిసరి చెయ్యండి, నంబరు దొంగ బండ్ల జాబితాలో ఉందో లేదో అక్కడే చూడండి. అందులో ఎంత కఠినంగా ఉన్నా మాకు అభ్యంతరం లేదు.

మా కారుకి ఇరవై ఏళ్ళు నిండుతున్నాయి. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫీజు 10,000 చేశారు. కడతాను, డబ్బు పక్కన పెట్టాను కూడా. కానీ రెన్యువల్ రోజు ఇన్‌స్పెక్టర్ గారు బానెట్ ఎత్తి నంబరు చూస్తారు, అది ఆర్‌సీతో కలవదు. ఆ రోజు లోపు మీ నుంచి ఒక మాట కావాలి. పాత ఇంజన్ అమ్మలేదు, షెడ్డులో గోనెపట్టా కప్పి ఉంచాను, రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూపించమన్నా చూపిస్తాను.

ఇట్లు,
ఒక మారుతి 800 యజమాని,
విజయనగరం